థార్‌కి ఫెండర్ ఫ్లేర్లు: ముందు టైరు కొలత, ఆ తర్వాతే డ్రిల్లు

మీరు అడిగింది ఇదీ. రాజమండ్రిలో థార్ ఉంది. కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 టైర్లు తీసేసి, కొత్త అల్లాయ్‌లతో 285/70 ఆర్17 వేయించారు. ఇప్పుడు టైరు బాడీ కంటే రెండంగుళాలు బయటికి కనిపిస్తోంది. మారేడుమిల్లి ఘాట్ ఒక్కసారి ఎక్కి దిగేసరికి బురద తలుపు హ్యాండిళ్ళు దాటి సైడు అద్దాల మీదికి కొట్టింది. చక్రం పైన బాడీ అంచుకి తొడిగే వెడల్పు రెక్కలు, అంటే ఫ్లేర్లు, ఏవి కొనాలి, రేకుకి చిల్లులు పెట్టకుండా టేపుతో సరిపెట్టొచ్చా, ఇంట్లోనే బిగించుకోవచ్చా అన్నారు.

నేను విశాఖలో ఇరవై ఏళ్ళకు పైగా జిప్సీలు, పాత మహీంద్రా జీపులు, ఇప్పుడు థార్లు విప్పి బిగిస్తున్నాను. ముందుగా ఒక్క మాటండీ. ఈ రాత్రి ఆర్డర్ పెట్టకండి. బొమ్మ చూసి ఫ్లేరు కొని, తెచ్చాక టైరుకి సరిపోలేదని స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్ళలు) వేసి, అప్పుడు టైరు రాసుకుంటోందని ఫ్లేరు అంచు కోసి, చివరికి ఆ కోసిన అంచుతో బండి తెచ్చినవాళ్ళు నా దగ్గరికి ఏటా నలుగురైదుగురు వస్తారు. ఫ్లేరు చివర్న కొనాల్సిన వస్తువు.

ఫ్లేరు పని ఒక్కటే. టైరు విసిరే బురదనీ రాళ్ళనీ ఆపడం. అది టైరుకి చోటు ఇవ్వదు. గొడుగు పెద్దది కొన్నామని గుమ్మం వెడల్పవదు కదా. టైరు లోపల ఎక్కడైనా రాసుకుంటుంటే ఫ్లేరు పెట్టాక ఇంకా ఎక్కువ రాసుకుంటుంది, ఎందుకంటే అక్కడ ఇంకో అంచు వచ్చి చేరింది. అందుకని ముందు రాపిడి సంగతి తేల్చుకోండి.

మీ టైర్ల లెక్క చూద్దాం. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 255/65 ఆర్18 మొత్తం వ్యాసం దాదాపు 789 మిల్లీమీటర్లు. 285/70 ఆర్17 వ్యాసం దాదాపు 831. అంటే చక్రం 42 మిల్లీమీటర్లు పెరిగింది, అందులో సగం, 21, పైకి ఆర్చ్ వైపు, అంటే చక్రం పైన బాడీలో ఉండే వంపు వైపు, వెళ్ళింది. (స్పీడోమీటరు కూడా ఇప్పుడు ఐదు శాతం తక్కువ చూపిస్తుంది, హైవే మీద గుర్తుంచుకోండి.) వెడల్పు 30 పెరిగింది, అందులో 15 బయటికి, 15 లోపలికి. ఇక రిమ్ము ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు నడిమికీ అది హబ్‌కి ఆనే ముఖానికీ మధ్య దూరం. మీ కొత్త రిమ్ముల ఆఫ్‌సెట్ ఎంతో మీరు రాయలేదు. రిమ్ము వెనకవైపు ఈటీ అనే అక్షరాల పక్కన పోత పోసి ఉంటుంది, చూడండి. పాతదానికంటే ఆఫ్‌సెట్ 40 తగ్గిందనుకోండి, ఆ 40 మొత్తం బయటికే వస్తుంది. 15, 40 కలిపి 55. మీరు చెప్పిన రెండంగుళాలు అక్కడి నుంచే వచ్చి ఉంటాయి. అదే లెక్కలో టైరు లోపలి అంచు కూడా 25 బయటికి జరిగింది, కాబట్టి లోపల ఛాసిస్ వైపు చోటు ఉంటుంది. తంటా అంతా స్టీరింగ్ తిప్పినప్పుడు వస్తుంది. టైరు బయటికి జరిగేకొద్దీ అది తిరిగే వృత్తం పెద్దదవుతుంది. ముందు బంపరు మూలకీ, ఆర్చ్ వెనక కింది భాగానికీ తగులుతుంది.

ఇది చూడ్డానికి లిఫ్టు అక్కర్లేదు. ముందు ఎడమ చక్రాన్ని అడుగెత్తు మట్టిదిబ్బ మీదికి ఎక్కించండి, వెనక కుడి చక్రం కింద కూడా అలాగే ఎత్తు ఉండాలి. బండి మూలగా మెలిపడుతుంది. ఇంకొకర్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి అటు చివరికీ ఇటు చివరికీ మెల్లగా తిప్పమనండి. మీరు టార్చిలైటుతో ఆర్చ్ లోపల చూడండి. టైరుకి సుద్ద పూసి చేస్తే ఇంకా మంచిది, తగిలినచోట తెల్లటి గీత పడుతుంది. రెండోవైపు కూడా ఇలాగే. నలుగుర్ని ఎక్కించుకుని, సామాను వేసుకుని వెళ్ళే అలవాటుంటే ఆ బరువుతోనే చూడండి. ఖాళీ బండిలో తగలనిది నిండు బండిలో తగులుతుంది. ఇక్కడ గీత పడితే ఫ్లేర్ల ఆలోచన పక్కనపెట్టి ముందు రిమ్ములో టైర్లో సస్పెన్షన్లో తేల్చుకోండి.

అది తేలాక, ఫ్లేరు ఎంత వెడల్పు కావాలో కొలవండి. తాపీమేస్త్రి గోడ నిటారు చూసుకునే గుండు ఒకటి తెచ్చుకోండి. చదునైన చోట బండి ఆపి, చక్రాలు తిన్నగా పెట్టి, ఇప్పుడున్న ఆర్చ్ అంచు నుంచి దారం వదలండి. దారానికీ టైరు పట్టీల బయటి అంచుకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. టైరు పొట్ట ఉబ్బినంత మేర లెక్కలోకి తీసుకోకండి, నేలని పట్టే పట్టీల అంచు ముఖ్యం, బురద విసిరేది అదే. నాలుగు చక్రాల దగ్గరా విడిగా కొలవండి. ముందుకీ వెనక్కీ తేడా ఉండడం మామూలే. వచ్చిన కొలతకి 10 మిల్లీమీటర్లు కలపండి. అదే మీకు కావలసిన ఫ్లేరు వెడల్పు. అంతకంటే వెడల్పైనది చూడ్డానికి బలంగా ఉంటుంది గానీ ఘాట్లో వెదురు పొదల మధ్య, ఊళ్ళో సందుల్లో మొదట తగిలేది అదే.

వెడల్పు టైరుకి ఫ్లేరు తొడగడం మనం కనిపెట్టిన సంగతేం కాదు. సుజుకీ జపాన్‌లో అమ్మే చిన్న జిమ్నీ వెడల్పు 1475 మిల్లీమీటర్లు, అక్కడి తేలికపాటి కార్ల హద్దు 1480 కాబట్టి. అదే బాడీకి చక్రాల మధ్య దూరం పెంచి, ఫ్లేర్లు తొడిగి, జిమ్నీ సియెర్రాగా అమ్మితే 1645. మన దగ్గర 2023లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీ వెడల్పు కూడా అంతే. రెండింటినీ పక్కపక్కన పెడితే కంపెనీ ఇంజినీరు టైరు పట్టీ ఆర్చ్ దాటకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో అర్థమవుతుంది.

ఇక రకాలు. థార్‌కి కంపెనీ నుంచే నల్ల ప్లాస్టిక్ ఆర్చ్ ఉంటుంది. కాబట్టి మీకు రెండు దారులున్నాయి. ఆ ఆర్చ్ ఊడదీసి, అవే క్లిప్పుల, స్క్రూల స్థానాల్లో కూర్చునే వెడల్పు ఫ్లేరు ఒకటి. ఉన్నదాని మీదో, రేకు మీదో కొత్త చిల్లులు పెట్టి బోల్టులతో బిగించేది రెండోది. బోల్టు తలలు వరసగా బయటికి కనిపించే రకం చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ మీకు నా సలహా మొదటిదే. మీ కొలతకి సరిపోయేది దొరుకుతుందేమో ముందు గట్టిగా వెతకండి. కొత్త చిల్లు ఒక్కటి తగ్గినా అదే లాభం. ఎందుకో కింద చెబుతాను.

ఏ ప్లాస్టిక్కో తెలుసుకోకుండా కొనకండి. ఫ్లేరు వెనక్కి తిప్పి చూడండి. మంచి తయారీదారు అయితే రెండు బాణం గుర్తుల మధ్య ఏబీఎస్ అనో, పీపీ (పాలీప్రొపిలీన్) అనో ప్లాస్టిక్ రకం పేరు పోత పోసి ఉంటుంది. ఏబీఎస్ గట్టిగా, నున్నగా ఉంటుంది, పెయింటు బాగా పడుతుంది. కానీ ఎండకి నలుపు పోయి బూడిద రంగుకి తిరుగుతుంది, పెళుసెక్కుతుంది. పైన ఎండకి తట్టుకునే అక్రిలిక్ పొర ఉన్నదైతే చాలా ఏళ్ళు నిలుస్తుంది. పీపీ రకం మెత్తగా వంగుతుంది, చెట్టుకి తగిలితే వంగి మళ్ళీ వస్తుంది, బురదలో తిరిగేవాళ్ళకి నా ఓటు దానికే. అయితే దాని మీద మామూలుగా పెయింటు నిలవదు. ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టకుండా బాడీ రంగు వేయిస్తే మొదటి వేసవికే పొరలు పొరలుగా లేస్తుంది. పీపీ కొంటే నలుపుగానే ఉంచేయండి.

మూడోది ఫైబర్ (గాజునార, రెజిన్ కలిపినది), మన ఊళ్ళలో అచ్చు పోసి చేసిచ్చేది. కొలత చెబితే ఆ వెడల్పుకే చేసిస్తారు, విరిగితే రెజిన్, మ్యాట్ వేసి అతికించుకోవచ్చు. చేతిపని మంచిదైతే నేను వద్దనను. కానీ బోల్టు గట్టిగా బిగిస్తే చిల్లు చుట్టూ సాలెగూడులా పగుళ్ళు వస్తాయి. కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు తప్పనిసరి. ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. అచ్చం ఏబీఎస్‌లా కనిపించే చవక ఫ్లేర్లు చేతిలోకి తీసుకుని మెలితిప్పి చూడండి. అట్టముక్కలా అలలు తిరిగి, వెనకవైపు ఒకచోట మందంగా, ఇంకోచోట పల్చగా ఉంటే వదిలేయండి. ఎడమ ఫ్లేరూ కుడి ఫ్లేరూ వెనకా వెనకా ఆనించి పట్టుకుంటే అంచులు కలవాలి. ఈ పరీక్షలో పోయేవి చాలా ఉన్నాయి.

ఇప్పుడు చిల్లుల సంగతి. దీనిమీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బండి ఆయుష్షు ఇక్కడే ఉంది.

నా మొదటి జిప్సీకి ఒక షెడ్డులో ఫ్లేర్లు వేయించాను. అరగంటలో పని అయిపోయింది. సొంతంగా చిల్లు కోసుకుపోయే స్క్రూలు, రేకులోకి నేరుగా. మేముండేది సముద్రానికి దగ్గర. రెండు వానాకాలాలు దాటాక ఒక స్క్రూ కింద గోధుమరంగు నీటిచార కనిపించింది. తుడిస్తే పోయింది, మళ్ళీ వచ్చింది. ఫ్లేరు విప్పాను. విప్పగానే లోపలి నుంచి ఎండిన బురద పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. దాని వెనక ఒక్కో స్క్రూ చుట్టూ రూపాయి బిళ్ళంత మేర పెయింటు బుడగలు కట్టి ఉంది. వేలితో నొక్కితే బుడగ చిట్లి, ఎర్రటి పొడి చేతికి అంటుకుంది. ఒకచోట స్క్రూడ్రైవరు ఆనిస్తే రేకు దాటి అవతలికి దిగిపోయింది. ఆర్చ్ లోపలి పెదవి మొత్తం కోయించి, కొత్త రేకు అతికించి వెల్డింగు పెట్టించాల్సి వచ్చింది. మా పేటలో టింకరింగ్ చేసే బాబాయ్ ఒకాయన ఆ రోజు నాకు చూపించిన పద్ధతినే ఇప్పటికీ పాటిస్తున్నాను.

జరిగిందేమిటంటే, బండి రేకుకి పుట్టుకతో వచ్చే రక్షణ పొరలుంటాయి. స్క్రూ వాటన్నిటినీ చీల్చుకుంటూ వెళ్ళి పచ్చి ఇనుముని గాలికి వదిలేసింది. ఫ్లేరుకీ రేకుకీ మధ్య సందులో మట్టి చేరింది. మీ దగ్గర గోదావరి ఒండ్రు, అటు వెళ్తే నల్లరేగడి. ఈ మట్టి నీటిని రోజులకొద్దీ పట్టి ఉంచుతుంది. బయట బండి ఆరిపోయినా లోపల తడిబట్ట చుట్టినట్టే.

కాబట్టి చిల్లు పెట్టక తప్పకపోతే ఇలా చేయండి. బండి కడిగి, ఆర్చ్ లోపలి పెదవి మీది తారూ బురదా పూర్తిగా గోకి, ఆరనివ్వండి. ఫ్లేరుని మాస్కింగ్ టేపుతో నాలుగుచోట్ల అంటించి పది అడుగుల దూరం నుంచి చూడండి. రెండు వైపులా నేల నుంచి ఒకే ఎత్తులో ఉందా? థార్‌కి ముందు ఇండికేటర్లు ఫెండర్ మీదే ఉంటాయి, ఫ్లేరు వాటిని కప్పకూడదు. స్టీరింగ్ తిప్పి చూడండి, తలుపు తీసి చూడండి. తృప్తిగా అనిపించాకే చిల్లుల స్థానాలు మార్కరుతో గుర్తుపెట్టండి.

డ్రిల్లు పట్టుకునే ముందు వెనక ఏముందో చూడాలి. ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ తొడుగు (లైనర్) విప్పి చెయ్యి పెట్టి తడమండి. బ్రేకుల ఏబీఎస్ (ఇది ప్లాస్టిక్ పేరు కాదు, చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ తీగ, బ్రేకు గొట్టం, లైట్ల వైరింగు, వెనకవైపు ఇంధనం పోసే మూతి నుంచి దిగే పైపు. ఇవన్నీ ఆర్చ్ పక్కనుంచే వెళ్తాయి. అనుమానం ఉన్నచోట చిల్లు వద్దు, స్థానం మార్చండి. డ్రిల్ బిట్టుకి మొన నుంచి సెంటీమీటరు దగ్గర టేపు చుట్టండి, అంతకంటే లోపలికి దిగకుండా ఆపుకోవచ్చు.

సెంటర్ పంచ్‌తో చిన్న దెబ్బ, లేకపోతే బిట్టు జారి పెయింటు మీద గీత పడుతుంది. ముందు 3 మిల్లీమీటర్ల చిల్లు, ఆ తర్వాత అసలు సైజు. రివ్‌నట్ (రేకు చిల్లులోనే బిగుసుకుని కూర్చునే నట్టు) వేస్తున్నట్టయితే దాని ప్యాకెట్ మీద రాసిన సైజుకే, అర మిల్లీమీటరు కూడా ఎక్కువ కాకూడదు, ఎక్కువైతే బోల్టు తిప్పినప్పుడు నట్టు కూడా తిరుగుతుంది. చిల్లు అంచులు గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయండి. రాలిన ఇనప రజనుని వ్యాక్యూమ్‌తో పీల్చేయండి, చేత్తో తుడవకండి. ఒక్క రవ్వ పెయింటు మీద మిగిలినా మర్నాటి మంచుకి తుప్పు చుక్కవుతుంది. అప్పుడు చిన్న కుంచెతో చిల్లు లోపలి అంచుకి ఎపాక్సీ ప్రైమర్ గానీ జింకు ప్రైమర్ గానీ. అది ఆరాక బాడీ రంగు టచప్. అది కూడా ఆరాకే బోల్టు. ఒక్కో పొర ఆరే సమయం డబ్బా మీద ఉంటుంది, దానికి ఎదురు చూడండి. ఈ పనికి ఒక పూట కాదు, రెండు రోజులు పెట్టుకోండి. షెడ్డువాళ్ళు ఒప్పుకోని భాగం ఇదే, మీరు ఇంట్లో చేసుకుంటే బాగుంటుందని నేననడానికి కారణం కూడా ఇదే.

బోల్టులు స్టెయిన్‌లెస్ తీసుకోండి, కానీ స్టెయిన్‌లెస్ పచ్చి ఇనుముని తాకుతూ తడిస్తే ఇనుమే ముందు తుప్పు పడుతుంది. అందుకని నైలాన్ వాషర్, వెనక నైలాన్ లాకు నట్టు. అంతా అయ్యాక లోపలివైపు నుంచి మైనం రకం తుప్పు నిరోధక స్ప్రే దట్టంగా కొట్టండి. సీలెంట్ వాడాలనుకుంటే వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వద్దు. దాని నుంచి వచ్చే ఆమ్లం ఇనుముని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నదే కొనండి. అదైనా పై అంచుకి మాత్రమే. కింద మూసేస్తే నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు.

బిగించేటప్పుడు ఇంకో విషయం ఉంది. నల్ల ప్లాస్టిక్ ఎండలో 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. తెల్లవారుజామున 20 డిగ్రీల్లో మీటరు పొడవున్న ఏబీఎస్ ముక్క మధ్యాహ్నానికి దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇనప రేకు అర మిల్లీమీటరుకి కొంచెం ఎక్కువ. ఆ తేడా ఎక్కడో ఒకచోటికి పోవాలి. అన్ని బోల్టులూ కదలకుండా బిగిస్తే ఫ్లేరు అలలుగా లేస్తుంది, లేదా చిల్లు దగ్గర పగులుతుంది. నడిమి బోల్టు చిల్లు గుండ్రంగా, రెండు పక్కలవి కోలగా ఉండాలి. నడిమిది మొదట, అక్కణ్ణుంచి రెండు అంచుల వైపు. చేతి స్పానరుతో వాషర్ నొక్కుకునేదాకా, ఆపైన ఒక పావు చుట్టు. ఇంపాక్ట్ గన్ను దగ్గరికి కూడా రానివ్వకండి. నీడలో బిగించండి.

ఫ్లేరు రేకుని ఆనే అంచంతా రబ్బరు బీడింగ్ ఉండాలి. కిట్‌లో ఇవ్వకపోతే విడిగా కొనండి. అది లేకపోతే ప్లాస్టిక్ అంచు అదురుకి ఇసకతో కలిసి ఎమరీ పేపరులా పెయింటుని గీస్తుంది. ఆరు నెలల్లో ఇనుము కనిపిస్తుంది.

టేపు మాటకొస్తే, అంగుళం లోపు సన్నటి ఫ్లేరుకి మంచి అక్రిలిక్ ఫోమ్ టేపు సరిపోతుంది. 3ఎం వారి వీహెచ్‌బీ లాంటిది. మీకు కావలసిన రెండంగుళాలకి టేపు ఒక్కటే చాలదు. బురద నిండితే ఫ్లేరు కిలోల బరువెక్కుతుంది, వాగు దాటేటప్పుడు నీళ్ళు కిందనుంచి ఎత్తి కొడతాయి. క్లిప్పులకి తోడుగా పై అంచుకి టేపు వేసుకుంటే మంచిదే. అంటించే చోట మైనం, పాలిష్ లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. టేపు మీద గట్టిగా నొక్కండి, నొక్కుడే దాని బలం. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులూ బండి కడగొద్దు, వర్షంలో తీయొద్దు.

చట్టం సంగతి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని గట్టిగానే చదివింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మీ విషయంలో అసలు ప్రశ్న ఫ్లేరు కంటే టైర్లూ రిమ్ములూ. ఇన్సూరెన్సు వారికి మార్పుల సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. ఊడదీసిన పాత ఆర్చ్‌లు, క్లిప్పులు, పాత చక్రాలు పారేయకండి, అమ్మకండి. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. ఫిట్‌నెస్‌కో, అమ్మకానికో వెళ్ళే రోజు ఒక పూటలో బండిని మళ్ళీ పుట్టినట్టు చేయగలగాలి. కొత్త చిల్లులు వద్దనడానికి ఇది ఇంకో కారణం.

బిగించిన మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి అన్ని బోల్టులూ చేత్తో తడిమి చూడండి, వదులైనవి బిగించండి. ప్రతి ఘాట్ ట్రిప్పు తర్వాత ఫ్లేరు వెనక సందులోకి కిందనుంచి మామూలు పైపుతో నీళ్ళు పట్టండి, బురద నీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా. ప్రెషర్ వాషరు పై అంచుకి దగ్గరగా పెట్టకండి, టేపు లేస్తుంది. వానాకాలం అయిపోయాక, దసరాకి బండి పూజకి కడుగుతారు కదా, ఆ రోజు ప్రతి చక్రం దగ్గరా అన్నిటికంటే కింద ఉన్న బోల్టు ఒకటి విప్పి చిల్లు అంచు చూడండి. ప్రైమర్ రంగే కనిపిస్తే మళ్ళీ బిగించేయండి. ఎర్రగా కనిపిస్తే ఆ ఫ్లేరు మొత్తం అదే రోజు విప్పండి.

రిమ్ముల ఆఫ్‌సెట్ నంబరూ, నాలుగు చక్రాల దగ్గర గుండు కొలతలూ తీసి ఇక్కడ రాయండి. అవి చూశాక ఎంత వెడల్పు ఫ్లేరు వెతకాలో కచ్చితంగా చెబుతాను.